దొంగ అతుకు

ముందు బంపరు ఇనపతీగతో కట్టుకుని, పళ్లూడిన ముసలాయన మూతిలా వేలాడేసుకుంటూ ఆ పికప్ బండి షెడ్డు ముందుకొచ్చి ఆగేసరికి వెల్డర్‌కి నవ్వాగలేదు. మరుక్షణం ఆపుకున్నాడు. ఎందుకంటే దిగింది డ్రైవరొక్కడే కాదు, రెండో పక్క డోరు తీసుకుని క్రషర్ మేనేజర్ కూడా దిగాడు. డ్రైవర్ అసలు పేరు ఏనాడో మరుగున పడిపోయింది. దారికి కోడి అడ్డొచ్చినా, గాలికి కాగితం ఎగిరొచ్చినా హారను కొట్టందే కదలడు గనక అందరూ వాణ్ణి హారను అనే పిలుస్తారు, వాడూ పలుకుతాడు. ఆ పూట మాత్రం బండి పక్కన నిలబడి తన చెప్పులకేసి చూసుకుంటున్నాడు.

ఆ బంపరు ఎలా ఊడిందో వెల్డర్‌కి తెలుసు. ఆరు రోజులుగా కింది వీధి వీధంతా చెప్పుకుని నవ్వుకుంటున్న సంగతే అది. కొండ మీద క్రషర్ నుంచి కంకర లారీలు దిగడానికి రెండు దార్లున్నాయి. చుట్టూ తిరిగి పోయేది ఒకటి, కింది వీధి నడిమధ్యలోంచి పోయేది ఒకటి. చుట్టుదారి రెండు మైళ్లు ఎక్కువ. ఆ రెండు మైళ్లు మిగుల్చుకోవడానికి ఓనరు రోజుకి అరవై లారీల్ని ఇళ్ల గడపలు ఒరుసుకుంటూ వీధిలోంచే తోలించాడు. గోడలు నెర్రెలిచ్చాయి. దుమ్ము కంచాల్లోకి చేరింది, పక్కల్లోకి చేరింది, మనుషుల ఊపిరితిత్తుల్లోకి చేరింది. అర్జీలు పెట్టారు. అర్జీలు పుచ్చుకునేవాళ్లు పుచ్చుకుంటూనే ఉన్నారు, లారీలు పోయేవి పోతూనే ఉన్నాయి. ఓపిక పట్టీ పట్టీ, పదకొండు రోజుల కిందట వీధిలో ఆడవాళ్లు ఏడు డ్రమ్ముల్లో మట్టి కూరి వీధి మొగలో అడ్డంగా నిలబెట్టారు. వాటి వెనకాల చాపలు పరుచుకుని కూర్చున్నారు. మొదటి వరసలో, నడిమి డ్రమ్ముకి వీపు ఆనించి కూర్చునే మనిషి వెల్డర్ అక్క.

ఐదో రోజున మేనేజర్ బండిని ముందుకి పోనిమ్మన్నాడు. కాస్త తగిలిస్తే డ్రమ్ము జరుగుతుంది, ఆడవాళ్లు భయపడి లేస్తారు అని ఆయన లెక్క. డ్రమ్ము అంగుళం కదల్లేదు. ప్లాస్టిక్ బంపరే పెళుక్కుమని విరిగి రోడ్డు మీద పడింది. ఒక ముసలావిడ అందులో ఒక ముక్క ఏరుకుని హాయిగా విసురుకుంటూ కూర్చుందట. ముప్పై మంది ఆడవాళ్లు పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు. ఆ నవ్వు ఓనరు చెవిన పడింది. తిడితే దులిపేసుకుని పోయే మనిషే గానీ, నవ్వితే తట్టుకునే మనిషి కాదాయన.

మేనేజర్ విరిగిన బంపరు మీద బూటుకాలు పెట్టి ఊపి, ఇది పీకేసి ఇనపది కట్టమన్నాడు. ఆరు మిల్లీల పలక వాడాలట. నడుమ ముందుకి పొడుచుకొచ్చి, రెండు పక్కలకీ వాలుగా వెనక్కి పోవాలట. రెండు అరచేతులూ కలిపి ఆ వాలు ఎలా ఉండాలో చూపించాడు. నాగలి కర్రు చూసినవాడెవడికైనా అర్థమయ్యే ఆకారం అది.

ఇరవై ఏళ్లలో వెల్డర్ ఎన్ని బంపర్లు కట్టాడో లెక్క లేదు. ఒకడు అడవిపందుల బాధ పడలేక కట్టించుకున్నాడు, ఒకడు రివర్సులో గోడని గుద్దే తన బావమరిది కోసం కట్టించాడు, ఒకడు పక్కింటాయన బండికన్నా తన బండి పెద్దగా కనపడాలని కట్టించుకున్నాడు. దేన్ని గుద్దబోతున్నారో ముందే చెప్తే దానికి తగ్గట్టు చేస్తానని అందర్నీ అడుగుతాడు. అలవాటు కొద్దీ మేనేజర్నీ అడిగాడు.

"డ్రమ్ముల్ని" అన్నాడు మేనేజర్.

డ్రమ్ముల వెనక ఏముందో ఆయనా అనలేదు, వెల్డరూ అడగలేదు. హారను చెప్పులకేసే చూస్తున్నాడు.

శుక్రవారం పొద్దున్నకి బండి కావాలన్నాడు మేనేజర్. నీకు తీరిక లేకపోతే చెప్పు, టౌన్లో కొత్త షాపులు రెండున్నాయి, మిషన్లతో కోసి ఒక్క రోజులో ఇస్తారు అని కూడా అన్నాడు. ఆ మాట బెదిరింపులా అనలేదు. ఆయనకి ఎవడు చేసినా ఒకటే. షెడ్డు క్రషర్ వాళ్ల స్థలంలో ఉంది, షెడ్డుకొచ్చే పనిలో మూడొంతులు క్రషర్ పనే. అది ఇద్దరికీ తెలుసు కాబట్టి ఎత్తలేదు. బండి తాళంచెవి బెంచీ మీద పెట్టి, పోతూ పోతూ వెనక్కి తిరిగాడు.

"మీ అక్కతో ఓ మాట చెప్పు. శుక్రవారం పొద్దున కాస్త వెనక్కి జరిగి కూర్చోమను. నీ అక్క గనక చెప్తున్నా."

వెల్డర్ నోట్లోంచి "సరే సార్" అనే మాట దానంతటదే వచ్చేసింది. వాళ్లు పోయాక చాలాసేపు ఆ మాటని తల్చుకుని తనని తాను తిట్టుకున్నాడు. తర్వాత స్పానర్లు తీసి బండి కిందికి దూరాడు. మనిషికి మనసు మనసులో లేనప్పుడు చేతికి పని చెప్పడం కన్నా దారేముంది?

*

ఇనప బంపరుకి అసలు పని అట్టముక్క దగ్గర మొదలవుతుంది. మంగళవారం పొద్దున వెల్డర్ ఫ్రిజ్జు అట్టపెట్టె చింపి, బండి ముక్కుకి ఆనించి, గాలి పోవాల్సిన చోటు, లైట్లు వెలగాల్సిన చోటు, చక్రం తిరిగితే తగలకూడని చోటు సుద్దతో గీశాడు. అట్ట కత్తిరించాడు, పెట్టి చూశాడు, మళ్లీ కత్తిరించాడు. అట్ట తప్పయితే అట్టే పోతుంది, పలక తప్పయితే పలకే పోతుంది అంటుంటాడు. టేపు పెట్టి నేల నుంచి పై అంచు దాకా కొలిచాడు. డెబ్భై అయిదు సెంటీమీటర్లు. చాప మీద కూర్చున్న ఆడమనిషి తల ఎంత ఎత్తులో ఉంటుందో ఆ క్షణంలో తనకి ఎందుకు గుర్తు రావాలి? వచ్చింది. టేపు చుట్టి జేబులో పెట్టుకున్నాడు.

పలకని మూడు ముక్కలుగా కోశాడు. వంపు రావాల్సిన చోట లోపలివైపు గ్రైండర్‌తో గాడి తీసి, బల్లకి బిగించి, బరువైన సుత్తితో కొద్దికొద్దిగా వంచాడు. ఒక్క దెబ్బకి వంచేద్దామనుకుంటే పలక పగులుతుంది. మూడు ముక్కలూ ఒకదానికొకటి ఆనించి మూల మూలకీ వెల్డింగ్ చుక్క పెట్టి నిలబెట్టేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. చేస్తున్నంతసేపూ పని బాగా కుదురుతోందని సంతోషపడ్డాడు. ఆ సంతోషం చూసుకుని సిగ్గుపడ్డాడు.

అక్క అప్పుడొచ్చింది. చేతిలో కాడ ఊడిన బకెట్టు. వీధిలో నీళ్లకి పోవాలంటే బకెట్టు కావాలి కదా, అంతకు మించి వచ్చిన పనేం లేదన్నట్టు స్టూలు మీద కూర్చుంది. వెల్డర్ బకెట్టు తీసుకుని కాడకి అతుకు పెడుతుంటే ఆవిడ కళ్లు బల్ల మీద బంపరు మీదే ఉన్నాయి.

బావ సంగతి చెప్పింది. బావ పద్దెనిమిదేళ్లు ఆ క్రషర్లోనే జల్లెడ దగ్గర పనిచేశాడు. మూడేళ్లుగా మంచాన పడ్డాడు. పడుకుంటే ఊపిరాడదు, కూర్చుంటే నడుం నిలవదు. వీధిలో లారీ పోయినప్పుడల్లా అక్క తడిగుడ్డ తీసుకుని కిటికీకి అడ్డం పట్టుకుని నిలబడేది, అరవై లారీలకి అరవైసార్లు. లారీలు ఆగిన నాలుగో రోజున బావ దగ్గు తగ్గింది. ఎనిమిదో రోజున గోడ పట్టుకుని నడిచాడు. నిన్న గుమ్మందాకా వచ్చి కుర్చీ వేయించుకుని కూర్చున్నాడట, అద్దం అడిగి తన గడ్డం తనే గీసుకున్నాడట. చెప్తూ చెప్తూ ఆవిడ మొహం చిన్నపిల్ల మొహంలా అయిపోయింది.

"చుట్టుదారి కంకర పోసి బాగుచేస్తున్నార్రా" అంది. "నిన్న రెండు లారీలు అటే వెళ్లాయి. ఇంకో వారం ఓర్చుకుంటే చాలు, ఆ అలవాటే పడిపోతుంది వాళ్లకి."

వారం. వారం దాకా ఎందుకాగుతారు, ఎదురుగా బల్ల మీద ఇది తయారవుతుంటే!

అక్క లేచి వచ్చి బంపరు పక్కన నిలబడింది. చేత్తో ముట్టుకోలేదు.

"చెయ్యనని అనలేవా?"

"నేను కాదంటే టౌన్లో చేయిస్తారక్కా. ఎవడో ఒకడు చేస్తాడు."

"అవున్లే" అంది అక్క. దెప్పలేదు, కన్నీళ్లు పెట్టుకోలేదు. బకెట్టు కాడ పట్టుకుని రెండుసార్లు ఊపి చూసుకుని వెళ్లిపోయింది. దెప్పినా బాగుండేది. తన మాట తనకే చెవుల్లో గింగిరాలు తిరుగుతుంటే వెల్డర్ సాయంత్రం దాకా గ్రైండర్ ఆపలేదు.

ఇంటికెళితే భార్య వదిలిపెట్టలేదు. వీధిలో కబురు అప్పుడే అక్కడిదాకా పాకింది. చెయ్యి విరిగిందని కట్టు కట్టుకో, జ్వరమొచ్చిందని ముసుగు తన్ని పడుకో, అక్కడ కూర్చుంది మా వదిన కాదా, నీకు పాలకి బదులు గంజి తాగించి పెంచింది ఆవిడ కాదా అని నిలదీసింది. వెల్డర్ మళ్లీ టౌన్ షాపుల మాటే చెప్పాడు. అయితే వాళ్లనే చెయ్యనీ, పాపం వాళ్లకి తగులుతుంది అంది ఆవిడ, అని కంచం ఆయన ముందు పెట్టి లోపలికి పోయింది. ఆ కంచం ముందు కూర్చుని ఉండగా వెల్డర్‌కి ఆ ఆలోచన వచ్చింది. టౌన్లోవాడు చేస్తే గట్టిగా చేస్తాడు. వాడికేం, వాడి అక్కా చెల్లెలా! తను చేస్తే గట్టిగా చెయ్యకుండా ఉండొచ్చు. అసలు తను చెయ్యడమే మంచిది. పదకొండు రోజుల్లో మొదటిసారి ఆకలేసి కంచం ఖాళీ చేశాడు.

*

అతుకుల్లో దొంగ అతుకని ఒకటుంది. రెండు పలకల మధ్య సందు ఉంటే కరిగిన ఇనుముతో అడుగు నుంచీ నింపుకుంటూ రావాలి. బద్ధకస్తుడు ఆ సందులో ఒక వెల్డింగ్ కడ్డీని పైపూత రాలగొట్టి పడుకోబెడతాడు, దాని మీద పల్చగా ఒక వరస కాలుస్తాడు. పైకి చూస్తే ఏ లోటూ ఉండదు. లోపల కడ్డీ దేనికీ అంటకుండా ఉత్తినే పడుకుని ఉంటుంది. బరువు పడిందా, పైపొర చిట్లి మొత్తం ఊడొస్తుంది. ఒకప్పుడు తన దగ్గర పనిచేసిన ఒకతను నీళ్లట్యాంకు కాళ్లకి ఇలా చేశాడని తెలిసి వెల్డర్ అతన్ని ఆ పూటే పంపించేశాడు. ఇంటికెళ్లి అన్నం తినబుద్ధి కాలేదు ఆ రోజు.

బుధవారం పొద్దున అదే పనికి తను కూర్చున్నాడు. బంపరు బరువంతా, దెబ్బంతా మోసేది వెనకనుండే రెండు పట్టీలు. పది మిల్లీల మందం పలకలు, ఒక్కొక్కటీ నాలుగు బోల్టులతో ఛాసీకి బిగుస్తుంది. ఆ పట్టీల్ని బంపరుకి కలిపే అతుకులు రెండే. ఆ రెండూ దొంగవైతే చాలు. డ్రమ్ముకి తగిలీ తగలగానే బంపరు ఊడి కింద పడాలి, బండి దాని మీదికెక్కి ఆగిపోవాలి, మేనేజర్ మొహం మాడిపోవాలి, ఆడవాళ్లు మళ్లీ పొట్ట పట్టుకుని నవ్వాలి. నడిచే వేగంలో పోయే బండి కాబట్టి హారనుకి దెబ్బేం తగలదు. ఆ పక్కా ఆలోచించుకున్నాడు. రెండోసారి విరిగితే ఇక మూడోది చేయించడానికి ఓనరుకి మొహం చెల్లేలోగా వారం గడిచిపోతుంది.

కడ్డీ పైపూత రాలగొట్టి సందులో పడుకోబెట్టాడు. మొహానికి నల్లద్దం అడ్డం పెట్టుకుని వెలిగించాడు. ఏమైందో ఏమో, కరిగిన ఇనుము కడ్డీని కూడా కరిగించుకుంటూ అడుగుదాకా దిగిపోయింది. చెయ్యి ఆగాల్సిన చోట ఆగింది, నింపాల్సిన చోట నింపింది. పైన గట్టిపడ్డ చిట్టెం రాలగొట్టి చూసుకుంటే బంగారంలాంటి అతుకు. ఛీ అనుకుని గ్రైండర్‌తో కోసేశాడు. కరెంటు తగ్గించి రెండోసారి మొదలుపెట్టాడు. చెయ్యి తొందరగా లాగెయ్యాలనుకుంటూనే ఉన్నాడు, మూల దగ్గరికి రాగానే మణికట్టు తనకి తెలియకుండానే నెమ్మదించింది. ఇరవై ఏళ్లు నేర్పినదాన్ని ఒక్క పూటలో మర్చిపొమ్మంటే చెయ్యి మాత్రం వింటుందా? అదీ కోసేశాడు. మూడోసారికి గానీ దొంగతనం కుదర్లేదు. రెండు పట్టీలకీ దొంగ అతుకులు వేసి, వాటి మీద మాత్రం తన జన్మలో వెయ్యనంత అందంగా ఒక వరస కాల్చాడు. చూసినవాడికి అనుమానం రాకూడదు కదా.

మిగతా పనంతా మామూలుగానే చేశాడు. పలక మెలి తిరక్కుండా ఈ కొసన రెండంగుళాలు, ఆ కొసన రెండంగుళాలు మార్చి మార్చి కాల్చాడు. ముందువైపు అతుకులన్నీ రాసి నున్నగా చేశాడు. అంచుల్ని ఆకురాయితో గుండ్రంగా అరగదీశాడు. ఎవరి చెయ్యయినా పొరపాటున తగిలితే తెగకుండా అలా గుండ్రం చెయ్యడం ఆయన అలవాటు. దీనికెందుకురా ఈ ముస్తాబు అని తనని తనే అడిగాడు గానీ చెయ్యి ఆపలేదు.

సాయంత్రం మేనేజర్ వచ్చాడు. సుత్తి తీసుకుని అక్కడా ఇక్కడా కొట్టి చూశాడు, వెనక పట్టీల మీద కూడా రెండు దెబ్బలేశాడు. ఖణేల్ ఖణేల్‌మంది. వెల్డర్ తేలు కుట్టిన దొంగలా గుడ్డతో చేతులు తుడుచుకుంటూ నిలబడ్డాడు. మేనేజర్ ఫోను తీసి నాలుగు పక్కల నుంచీ ఫోటోలు తీసుకున్నాడు. ఆ ఫోటోలు చీకటి పడకముందే కింది వీధిలో ప్రతి ఫోనులోకీ చేరాయి. ఎవరు పంపారో, ఎందుకు పంపారో అడగాల్సిన పని లేదు.

అక్కకి చెప్పాలా వద్దా అని ఆ సాయంత్రమంతా కొట్టుకున్నాడు. చెప్తే అక్క ఇంకొకరితో అంటుంది, ఆవిడ మరొకరితో అంటుంది, ముప్పై నోళ్లు దాటిన మాట క్రషర్ గేటు దాటకుండా ఉంటుందా? పైగా, దొంగ అతుకు వేశాను అని తన నోటితో ఎలా అంటాడు? ఏ కారణానికైనా సరే ఆ మాట అనడం తన వల్ల కాదనిపించింది. రేపో ఎల్లుండో పని జరిగాక అందరికీ తెలుస్తుందిలే అనుకున్నాడు.

గురువారం నల్లరంగు కొట్టి, ఆరాక, జాకీ మీద ఎత్తి బండికి బిగించాడు. హారను వచ్చి రెండో కొస పట్టుకున్నాడు. జాకీ దించేసరికి బరువుకి బండి ముక్కు రెండు వేళ్లు కిందికి కుంగింది. హారను వెనక్కి నడిచి దూరం నుంచి చూసి, దడుసుకున్నవాడిలా మళ్లీ దగ్గరికొచ్చాడు. ఆ చాపల మీద కూర్చునే వాళ్లలో వాడికి చిన్నప్పట్నుంచీ తెలియని మొహం లేదు. చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

"అన్నా, ఒకటో రెండో బోల్టులు వదులుగా పెట్టకూడదా? ఎవరికీ చెప్పను. ఒట్టు."

వెల్డర్‌కి వీడిని మేనేజరే అడగమని పంపాడేమో అనిపించింది. పంపకపోయినా వీడి నోరు వీడి హారనుకి తమ్ముడు. ఆ రెండు భయాలకీ తోడు ఇంకోటి కూడా లేచింది లోపల్నుంచి, దాని పేరు ఆయన ఒప్పుకోడు గానీ అది పొగరే.

"నా షెడ్డులోంచి వదులు బోల్టు బయటికి పోదు" అన్నాడు కటువుగా. "ఈ బంపరు ఊడాలంటే నీ బండి ఛాసీ ఊడాలి ముందు."

హారను తల ఊపి తాళంచెవి తీసుకున్నాడు. వాడు నిజంగా తనంతట తనే అడిగాడని వెల్డర్‌కి వాడి వీపు చూస్తేనే తెలిసిపోయింది. వెనక్కి పిలుద్దామనుకున్నాడు. బండి అప్పటికే షెడ్డు దాటింది.

*

శుక్రవారం పొద్దున వెల్డర్ వీధి మొగలో టీకొట్టు గోడకి ఆనుకుని నిలబడ్డాడు. టీ తీసుకున్నాడు గానీ తాగలేదు. డ్రమ్ముల వెనక ఆడవాళ్లు రోజూకన్నా ఒత్తుకుని కూర్చున్నారు. అక్క తన చోటులో తనుంది. వెనక్కి జరగమన్న మాట ఆయన చెప్పలేదు, చెప్పినా ఆవిడ జరగదు. నాలుగిళ్ల అవతల బావ గుమ్మంలో కుర్చీ మీద కూర్చుని ఉన్నాడు, గడ్డం నున్నగా గీసుకుని.

పికప్ నెమ్మదిగా కొండ దిగి వచ్చింది. వెనకాల కంకర లారీలు వరసగా ఉన్నాయి, చివరి లారీ కనపడ్డం లేదు. మేనేజర్ బండి పక్కనే నడుస్తున్నాడు. పొద్దుటి ఎండలో ఆ నల్లటి బంపరు నిగనిగలాడుతుంటే వెల్డర్ తన పనిని తనే గుర్తుపట్టలేకపోయాడు. షెడ్డులో బల్ల మీద అది ఇంత పెద్దగా లేదు. బండి వచ్చి నడిమి డ్రమ్ముకి మూరెడు దూరంలో ఆగింది. ఎవరూ నవ్వలేదు. మొన్న ప్లాస్టిక్ ముక్కతో విసురుకున్న ముసలావిడ పక్కావిడ చెయ్యి పట్టుకుంది.

కానీ, కానివ్వు, తగలనివ్వు అని వెల్డర్ లోపల గొణుక్కుంటున్నాడు. ఒక్కసారి తగిలితే చాలు.

అప్పుడు అక్క లేచింది. డ్రమ్ముల మధ్యలోంచి ఇవతలికి వచ్చి, బంపరు ముందు నిలబడి ఈ చివర నుంచి ఆ చివరదాకా చూసింది. తర్వాత వెనక్కి తిరిగింది. ఆవిడ గొంతు పెద్దది కాదు, అయినా టీకొట్టు దాకా వినిపించింది.

"లేవండమ్మా. ఇది మా తమ్ముడు చేసింది. నిన్న ఎవరో అడిగితే బోల్టు కూడా వదులు పెట్టనన్నాడట. వాడు చేసింది వంగదు, ఊడదు. పిల్లలున్నవాళ్లం. లేవండి."

వెల్డర్ ఒక అడుగు ముందుకేశాడు. అక్కా, కూర్చో, అది దొంగ అతుకు, తగిలితే ఊడిపోతుంది అని అరవాలి. అంతే, అంత చిన్న మాట. నోరు తెరిచాడు కూడా. అప్పుడు తోచింది ఆయనకి. మంచి అతుకు ఎంత మోస్తుందో తను వేలితో తట్టి చెప్పగలడు. దొంగ అతుకు ఎంతలో ఊడుతుందో ఎలా చెప్పగలడు? జన్మలో వేసినవి ఆ రెండే. మట్టి డ్రమ్ముకి తగలగానే ఊడొచ్చు. డ్రమ్ము జరిగి, వెనక కూర్చున్న మనిషి మీదికి ఒరిగాక ఊడొచ్చు. అసలు ఊడకపోనూవచ్చు. మూడోసారి కూడా చెయ్యి తనకి తెలియకుండా ఎక్కడైనా నెమ్మదించిందేమో, ఏ మూలన ఇనుము అడుగుదాకా దిగిందో, పైన అంత అందంగా కాల్చాక ఎవడు చూడొచ్చాడు? కూర్చో అని చెప్పి అక్కని ఆ అనుమానం ముందు కూర్చోబెట్టే ధైర్యం లేకపోయింది. మేనేజర్ ఆయనకేసి చూసి తల పంకించాడు. వెల్డర్ నోరు మూసుకున్నాడు.

ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచారు. చాపలు దులిపి చుట్టారు. ఎవరి చెంబు వాళ్లు, ఎవరి గుడ్డసంచి వాళ్లు తీసుకున్నారు. ఆఖర్న ముసలావిడ ఒక్కతే మిగిలిపోతే అక్కే వెళ్లి చంకల కింద చేతులేసి లేపింది. మేనేజర్ పిలిస్తే లారీల్లోంచి నలుగురు మనుషులు దిగి డ్రమ్ముల్ని ఒరిగించి పక్కకి దొర్లించేశారు. పావుగంట పట్టలేదు. పికప్ ఖాళీ రోడ్డు మీద ముందుకి పోయింది. బంపరు డ్రమ్ముకి తగల్లేదు, మనిషికి తగల్లేదు, రంగు మీద గీత కూడా పడలేదు. దాని వెనక లారీలు ఒకటి తర్వాత ఒకటి వీధిలోకి దిగాయి.

మేనేజర్ టీకొట్టు దగ్గర ఆగి, రెండో పికప్‌కి కూడా ఇలాంటిదే కట్టాలని, కొలతలు నీ దగ్గరే ఉన్నాయి కదా అని చెప్పి వెళ్లాడు. వెల్డర్ చేతిలో టీ మీద అప్పటికే తెల్లటి పొర కట్టింది. తీసుకెళ్లి కాలవలో పారబోశాడు.

అక్క ఇంటికి వెళ్లేసరికి పది దాటింది. కుర్చీ లోపలికి తీసేశారు. తలుపు మూసుంది. అక్క మెట్టు మీద కూర్చుని చాప మీది దుమ్ము చేత్తో తుడుస్తోంది. తమ్ముణ్ణి చూసి పక్కకి జరిగి చోటిచ్చింది. ఆయన కూర్చోలేదు. ఏం చెప్పాలని వచ్చాడో, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక అలాగే నిలబడ్డాడు. ఆ నిలబడ్డం చూసి అక్క వేరేగా అర్థం చేసుకుంది.

"మొహం అలా పెట్టకురా" అంది. "నీ తప్పేం లేదు. మొన్న నువ్వు కాకపోతే ఎవడో ఒకడు చేస్తాడన్నావే, ఆ ఎవడో చేసుంటే నేను లేచేదాన్ని కాదు. ప్లాస్టిక్‌దానిలాగే అదీ విరుగుద్దిలే అని కూర్చునేదాన్ని, అందర్నీ కూర్చోబెట్టేదాన్ని. నువ్వు చేశావు కాబట్టి లేచాను. నువ్వు చేసింది ఊడదని నాకు తెలుసు కదా. ఒక రకంగా ముప్పై మందిని కాపాడావనుకో."

వెల్డర్ చెప్పేద్దామనుకున్నాడు. చెప్తే ఏమవుతుంది? లేవక్కర్లేని చోట లేచానని అక్క బతికినన్నాళ్లూ తనని తాను కోసుకుంటుంది. చెప్పకపోతే తను కోసుకుంటాడు. తలుపు వెనక బావ దగ్గు మొదలైంది, ఒకటి, ఆగి మళ్లీ ఒకటి, ఆ తర్వాత ఆగకుండా. అక్క చాప వదిలేసి గబగబా లోపలికి పోయింది.

మలుపు దగ్గర ఇంకో లారీ హారను వినిపించింది. వీధి ఇరుకు. వెల్డర్ అక్క ఇంటి గోడకి వీపు ఆనించి, కాళ్లు దగ్గరికి లాక్కుని దారిచ్చాడు.